గోనెసంచులు కట్టిన కొట్టం

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట, మహిళా సంఘం వాళ్లు అంగన్‌వాడీలో పెట్టిన సాయంత్రం బడిలో. ఒత్తులు ఇప్పటికీ పక్కకు పోతాయి. ఒక పేజీ నింపడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. చదివేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. నోటితో చెప్పమంటే గంటలో అయిపోయేదే. కానీ నోటితో చెప్పిన ప్రతిసారీ నాకు ఇబ్బందిగా ఉన్న చోట్లు దాటేసి పోతున్నానని గమనించాను. కాగితం మీద అంత వేగంగా దాటడం నాకు చేతకాదు.

ఇది పోయిన ఎండాకాలం సంగతి.

మా చింతమాకులపల్లె పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి ఉంటుంది. పద్దెనిమిది ఇళ్లు. మాది చివరిది. ఇంటి వెనక కొట్టం. నిలబెట్టిన రాతి కూసాలు, మట్టిగోడలు, పైన రేకులు, చెక్క కమ్ములున్న రెండు కిటికీలు. ఒక కిటికీ పక్కింటి సిద్దమ్మ పెరట్లోకి చూస్తుంది. రెండోది వెనక సందులోకి. సిద్దమ్మ పెరడుకూ మా పెరడుకూ మధ్య నడుమెత్తు గోడ. ముప్పై ఏళ్లు ఆ గోడ మీదుగా చింతపండు, పేడ, పొయ్యిలోకి నిప్పు, మాటలు అటూ ఇటూ పోతూ వచ్చాయి.

కొట్టంలో ఒకటే ఆవు. పుంగనూరు జాతిది, నా నడుము ఎత్తు కూడా ఉండదు. పేరు బుడ్డమ్మ. మా మామ కాలంలో ఇలాంటివి పదహారు ఉండేవంట. పాలు తక్కువని ఒక్కొక్కటే పోయి, మా ఆయన చనిపోయే నాటికి ఇది ఒక్కటే, అదీ చిన్న పెయ్యగా మిగిలింది. ఒకసారి చూడి కట్టింది గానీ నిలవలేదు. పోయిన ఎండాకాలం మళ్లీ నిండు చూడితో ఉంది. ఇదీ నిలవకపోతే మా ఇంట్లో ఆ సంతతి అయిపోయినట్టే. పెయ్యదూడ పుట్టి బతికితే ఉన్నట్టు. నాకు కావలసింది అంతే.

ఒకప్పుడు ఈ ఆవుల్ని చూసి మేకలా అని నవ్వేవాళ్లు. ఇప్పుడు ఫోన్లలో వీటి వీడియోలు తిరుగుతున్నాయి. బెంగళూరు నుంచి కార్లు వేసుకుని వచ్చి అడుగుతున్నారు. ఉగాది అయిన వారానికి రోడ్డుకు అవతలి పల్లెలో రెండు ఆవులు పోయాయి. వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయారు. ఊళ్లో మనిషి చెప్పకపోతే ఏ కొట్టంలో ఏముందో బయటివాళ్లకు ఎలా తెలుస్తుందని అందరూ అన్నారు. నేనూ అన్నాను. వాళ్లంతా అని మరిచిపోయారు. నాకు మాత్రం ఆ మాట లోపల దిగిపోయింది.

మొదట కొట్టానికి తాళం కొన్నాను. తరువాత వాకిలికి ఇనుప తీగ చుట్టాను. బుడ్డమ్మ మెడలో గంట వినపడితే ఆవు ఉందని తెలుస్తుందని గంట తీసేశాను. రెండు కిటికీలకూ లోపలి నుంచి గోనెసంచులు కట్టాను. పగలు కూడా కొట్టంలో చీకటే. రాత్రిళ్లు వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని, కునుకు పట్టకుండా కూర్చునేదాన్ని.

సిద్దమ్మ నాకంటే మూడేళ్లు చిన్నది. గోడ దగ్గరకు వచ్చి సంచుల్ని చాలాసేపు చూసింది.

"ఏమక్కా, కిటికీలు మూసినావే. ఆవుకు ఎండ తగుల్తాండాదా?"

"దోమలు."

"దోమలకా తాళం ఏసినావు?"

వాకిట్లో అలకడానికి పేడ కావలసినప్పుడు ఆమె గోడ దాటి వచ్చి తనే ఎత్తుకుపోయేది. ఆ రోజు కాలు ఎత్తబోతుంటే నేను అడ్డం వెళ్లి, గంపలో పేడ తెచ్చి గోడ మీద పెట్టాను. సిద్దమ్మ గంపను చూసింది, నన్ను చూసింది.

"రేపట్నుంచి పేడకు గూడా టోకెను ఇస్తావా?" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

ఆ వారమే ఇమాముద్దీన్ వచ్చాడు. పుంగనూరు మనిషి, పశువుల బేరాలు కుదిర్చేవాడు. మా ఆయన సంతకు పోయినప్పుడు తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేది ఈయనతోనే. మామూలుగా అయితే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టే మనిషి. నేను వాకిట్లోనే నిలబెట్టాను.

"బుడ్డమ్మ ఎట్లుండాది అమ్మా?"

"ఉండాది."

"ఒకసారి సూస్తా."

"సూసేకి ఏముండాది అన్నా. ఆవే గదా."

మేత వేసి వస్తున్నానేమో, కొట్టం తలుపు ఓరగా ఉంది. ఆయన నా భుజం మీద నుంచి ఒక్క చూపు చూశాడు. ఒక్క చూపే.

"పొదుగు దిగిండాది. ఇంగ పది దినాలు."

"నీకెట్ల తెలుసు?"

"ఈ గడ్డం నెరిసింది ఈ పన్లోనే గదమ్మా. మా అజీజాబీ కాన్పులు గూడా నేను ఇంత సరిగ్గా సెప్పలేదు." ఆయనే నవ్వుకుని వెళ్లిపోయాడు.

పది దినాలు అన్న మాట ఆయన ఇంకెవరితో అంటాడోనని నాకు ఆ రాత్రంతా అదే ఆలోచన.

అప్పుడు మొదలుపెట్టాను. సాయంత్రం బడిలో ఇచ్చిన నోటుపుస్తకంలో, నా పేరు, ఊరు పేరు రాసుకున్న పేజీ తరువాతి పేజీలో, కొట్టం దగ్గర ఎవరు నిలబడితే వాళ్ల పేరు రాయడం. ఎదురుగా ఎందుకు అనుమానమో ఒక ముక్క. సిద్దమ్మ, పేడ. ఇమాముద్దీన్, పొదుగు. వెంకటప్ప, సందులో బీడీ. అక్షరాలు వచ్చిన తరువాత ఎవరూ చెప్పకుండా నేను సొంతంగా రాసింది అదే మొదటిది.

మా ఇంట్లో ఉండేది నేనూ, కోడలు రేవతీ. నా కొడుకు గురుమూర్తి మదనపల్లె నుంచి టమేటా లోడు లారీలు తోలుతాడు, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తే గొప్ప. రేవతి మదనపల్లెలోనే ఒక టమేటా మండీలో కాయలు ఏరే పనికి పోతుంది. పొద్దున బస్సుకు పోయి చీకటి పడే వేళకు వస్తుంది. ఒక ఆదివారం ఇల్లు సర్దుతూ ఆ పుస్తకం తెరిచింది.

"ఇదేం లిస్టు అత్తా?"

"ఊరికే. రాసేది మరిచిపోకుండా."

ఆమె వేలు పెట్టుకుని కిందిదాకా చదివింది. "నా పేరు గూడా ఉండాదే."

నేను పుస్తకం అందుకోబోయాను.

"రేవతి, ఫోను అని రాసిండారు."

"ఫోన్లో ఎవురెవురితోనో మాట్లాడతాండావు గదా, అందుకని."

"మీ కొడుకుతో మాట్లాడతాండాను అత్తా," అంది. పుస్తకం ఎక్కడ ఉందో అక్కడే పెట్టి, చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ పేజీని నేను చించెయ్యలేదు. ఆమె పేరు మీద గీత కూడా కొట్టలేదు. కొట్టి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, గీత కొట్టడానికి కారణం ఏముందని ఆలోచించాను.

ఇమాముద్దీన్ చెప్పినట్టే పదో రోజు తెల్లవారుతుండగా బుడ్డమ్మ ఈనింది. పెయ్యదూడ. తెల్లగా, కుందేలు కంటే కొంచెం పెద్దగా, ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చతో. అది లేచి నిలబడి, పడి, మళ్లీ నిలబడి పొదుగు అందుకునేదాకా నేనూ రేవతీ ఊపిరి బిగబట్టి చూశాం. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి తుడుచుకుంటూనే చెప్పాను.

"ఎవురికీ సెప్పొద్దు."

"అదెట్ల అత్తా? జున్ను పంచాల గదా."

మా పల్లెలో ఆవు ఈనితే మూడు రోజుల పాలు అమ్మరు. బెల్లం వేసి జున్ను వండి ఇంటికొక గిన్నె పంపుతారు. గిన్నె ఖాళీగా తిరిగిరాదు. ఆ ఇంటివాళ్లు దాంట్లో కొంచెం బియ్యమో తవుడో వేసుకుని వచ్చి, దూడకు బొట్టు పెట్టి, దాని మచ్చలూ సుడులూ చూసి, ఇది దాని అమ్మమ్మ పోలిక అనో, ఇంకొకటనో చెప్పి పోతారు. మిగిలిన పదిహేడు ఇళ్లవాళ్లూ వచ్చి చూస్తారు. నాకు కనిపించింది ఆ పదిహేడు ఇళ్ల కళ్లే.

"మూడు నెలలు. దూడ గట్టిపడేదాకా. ఆమీట పంచుదాం."

"మూడు నెలలకు జున్ను యాడ వస్తాది అత్తా?"

"రాకపోతే పోనీ."

కానీ పాలు ఊరుకోవు కదా. దూడ తాగగా మిగిలింది పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంటి తలుపులన్నీ మూసి, తెల్లవారకముందే ఆవిరి మీద జున్ను వండాను. ఇద్దరం ఎంతని తింటాం. రెండో రోజు రేవతే అంది.

"మండీకి ఎత్తకపోతా అత్తా. ఆడ మన ఊరోళ్లు ఎవురూ లేరు. పనోళ్లు పన్నెండు మంది ఉండారు, తింటారు."

మదనపల్లె దూరం కదా అనుకున్నాను. స్టీలు డబ్బాలో సర్ది మూత గట్టిగా నొక్కి నేనే చేతికిచ్చాను. మూడు రోజులూ అలాగే పంపాను.

పదకొండు రోజులు దూడ ఆ చీకటి కొట్టంలోనే పెరిగింది. పన్నెండో రోజు మధ్యాహ్నం, రాత్రంతా మేలుకుని ఉన్నానేమో, అన్నం తిని వసారాలో ఒరిగినదాన్ని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి బుడ్డమ్మ అరుస్తోంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. గంట ఉంటే అది గింజుకున్నప్పుడే నాకు మెలకువ వచ్చేది.

కొట్టం వాకిలి తాళం వేసినట్టే ఉంది. తీగ చుట్టినట్టే ఉంది. తాళం తీసి లోపలికి పోతే చీకట్లో ఒక పక్క వెలుగు. సందు వైపు కిటికీ కమ్ములు రెండు లేవు. గోనెసంచి కింద పడి ఉంది. ఆ కిటికీలోంచి మనిషి లోపలికి దిగి, దూడను పైకి అందించి ఉంటాడు. సిద్దమ్మ పెరటి వైపు కిటికీ తెరిచి ఉంటే, లోపల మనిషి మెసలడం ఆమెకు కనిపించేది. దానికీ సంచి నేనే కట్టాను కదా.

నేను కేకలు వెయ్యలేదు. నేరుగా గోడ దగ్గరకు పోయాను. సిద్దమ్మ పెరట్లో చింతకాయలు కొడుతోంది.

"సందులోకి ఎవురన్నా వచ్చినారా?" అన్నాను. నా గొంతు అడుగుతున్నట్టు లేదు, పట్టుకున్నట్టు ఉంది.

"వచ్చినారే. ఇద్దరు మొగోళ్లు, మోపెడ్డు మీద. మీ దూడను ఎత్తకపోయినారు." కొట్టడం ఆపకుండానే చెప్పింది.

"మా దూడని తెలుసునా నీకు?"

"తెలీక ఏమక్కా. మూడు దినాలు బెల్లం వాసన, ఏలక్కాయ వాసన. మీ ఇంట్లోనుంచి గాక యాడ నుంచి వస్తాది? గిన్నె వస్తాదని సూస్తిని. రాలేదు. సరే, ఈనిన సంగతి దాచిపెట్టినారంటే గుట్టుగా అమ్ముకుంటాండారు కాబోలు అనుకుంటిని. సందులో చింతపండు ఎండేసింటే, వాళ్లు బండి పోవల్లంటిరి. సాప పక్కకు లాక్కొని దోవ ఇస్తిని."

"దోవ ఇస్తివా?"

"మీ బేరగాళ్లు అనుకుంటి గదా."

అప్పుడు ఆమె నా ముఖం చూసింది. చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది.

మర్నాడు పుంగనూరులో ఇమాముద్దీన్ ఇంటికి పోయాను. చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి, పది దినాలని చెప్పినవాడివి నువ్వే, ఎవరికి చెప్పావో చెప్పు అన్నాను. ఆయన మంచం మీద ఉన్నాడు, మోకాలికి ఇంత లావు కట్టు. భార్య అజీజాబీ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టింది.

"మీ ఊరి నుంచి వచ్చిన నాలుగో దినమే మెట్ల మీద పడినాడు. రెండు వారాల పైనయింది. మంచం దిగితే నేను పట్టుకుని దించాల. ఈయన్నా దొంగలకు దారి సూపేది?" అంది. "నీళ్లు తాగు. తాగి, మళ్లీ అడుగు."

తాగాను. మళ్లీ అడగలేదు.

ఇమాముద్దీన్‌కు కోపం వచ్చినట్టు లేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. "దూడ గుర్తులేంటి?" అన్నాడు. చెవి వెనక మచ్చ సంగతి చెప్పాను.

"మీ ఇంటోళ్లు గాక ఇంగెవురు సూసినారు దాన్ని?"

"ఎవురూ సూడలేదన్నా. సూడనియ్యలేదు."

"దొంగోళ్లు సూసినారు," అన్నాడు ఆయన. "మంచి కాపలా పెట్టినావమ్మా."

ఆ సాయంత్రం రేవతి మండీ నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా నా ముందు కూర్చుంది.

"జున్ను తిన్నోళ్లలో ఒకామె కొత్తగా వచ్చింది అత్తా. మీది ఏ ఊరని రెండు దినాలు అడిగింది. పెయ్యదూడనా, కోడెదూడనా అని గూడా అడిగింది. ఆదివారం నుంచి పనికి రాలేదు." అప్పుడు చేతిసంచి దించింది. "మీరు నా పేరు సరిగ్గానే రాసినారు."

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటోంది. డబ్బా మూత నొక్కి ఇచ్చింది నేను కదా అని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. ఆ కొత్తామె పనే అవునో కాదో ఇప్పటికీ మాకు తెలియదు.

పోలీసు స్టేషనులో చెప్పాం. దూడ ఫోటో ఏదన్నా ఉందా అన్నారు. నేనే తియ్యనివ్వలేదు. ఐదు రోజులు గడిచాయి. బుడ్డమ్మ మేత సరిగా ముట్టలేదు. ఆరో రోజు ఇమాముద్దీన్ రేవతికి ఫోన్ చేశాడు. కుప్పం అవతల తోట పెట్టుకున్న ఒక రిటైరైన మాస్టరు, మురళీధర్ అని, దూడ ఒకటి కొని, ఇది అసలు పుంగనూరు జాతిదేనా చూసి చెప్పమని ఈయనకు ఫోటో పంపాడంట. ఆ ఫోటో రేవతి ఫోన్లోకి వచ్చింది. గడ్డిలో నిలబడిన దూడ. చెవి వెనక మచ్చ.

"మాదే," అన్నాను.

"నువ్వు అంటావమ్మా. ఆయన దుడ్డు పెట్టి కొనిండాడు. ఆయన గూడా నాదే అంటాడు," అన్నాడు ఇమాముద్దీన్ ఫోన్లో. "ఇంటోళ్ల మాట చెల్లదు. బయటి మనిషి ఒకరు రావాల, దీన్ని మీ ఊర్లో సూసినోళ్లు."

చూసిన మనిషి ఒక్కతే ఉంది.

ఈసారి గోడ దగ్గరకు పోలేదు. వీధి వైపు నుంచి తిరిగి, సిద్దమ్మ ఇంటి ముందు వాకిట్లోకి పోయి నిలబడ్డాను. ఆమె చింతకాయలు కొడుతూ కూర్చుని ఉంది.

"కుప్పం దాకా రావాల సిద్దమ్మా."

"నేనేం సూసినానని?"

"దూడను సూసినావు గదా."

"దొంగతనం సూసినానా నేను? అమ్మకం సూసినా." ఆమె తల ఎత్తలేదు. "అది సరే గానీ ఒకటి సెప్పక్కా. ఆ జున్నంతా ఏం సేసినారు? మీ ఇద్దరే తింటిరా?"

అవునని చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"రేవతి మండీకి ఎత్తకపోయింది."

"మదనపల్లెకా?"

"ఊఁ."

సిద్దమ్మ సుత్తి పక్కన పెట్టింది. చేతికి అంటిన చింతపండు పీచు ఒక్కొక్కటే తీసుకుంది.

"నేను గిన్నె కడిగి బోర్లించుకోనుంటిని," అంది. "బస్సెక్కి మదనపల్లె పోయింది జున్ను. ఈ గోడ దాటి రాలేకపోయింది."

నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఆమె లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు. నేను లిస్టులో ఆమె పేరు మొదట రాసిన సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలనుకున్నాను. మూసిన తలుపుకు ఏం చెబుతాను.

తెల్లవారి నేనూ రేవతీ రోడ్డు దగ్గరకు నడిచేసరికి కల్వర్టు గట్టు మీద సిద్దమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర, చంకలో సంచి.

"నీ కోసరం రాలేదు," అంది నేను నోరు తెరవకముందే. "సాప లాగింది నేను గదా. దానికి వస్తాండా."

పుంగనూరులో ఇమాముద్దీన్ చేతికర్రతో బస్సెక్కాడు. పలమనేరులో మారి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారిపొడుగునా సిద్దమ్మ రేవతి పక్కనే కూర్చుంది, నా పక్కన కాదు.

మురళీధర్ మాస్టరు మర్యాదస్తుడు. నలుగురికీ కుర్చీలు వేయించి, మజ్జిగ ఇప్పించాడు. వెనక ఆయన కట్టించిన షెడ్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దూడ కనిపించడం లేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని షెడ్డు వైపే చూశాను.

"అమ్మా, నేను దొంగసొమ్ము కొనే మనిషిని కాదు. వాళ్లు వాళ్లింటి దూడే అన్నారు, కాగితం రాసిచ్చారు. మీరు మీదంటున్నారు. గుర్తు చెప్పండి."

"ఎడం సెవి వెనక మచ్చ సార్."

"అది ఫోటోలోనే ఉంది. ఫోటోలో లేనిది చెప్పండి."

నేను ఆలోచించాను. పదకొండు రోజులు నా చేతుల మీద పెరిగిన దూడ. దాని మూతి తడి తెలుసు. నాలుక గరుకు తెలుసు. ఒళ్లు తడిమి చూసిందంతా తెలుసు. కళ్లతో చూసింది మాత్రం, తలుపు ఓరగా తీసి మళ్లీ మూసేలోపల కనిపించినంతే. ఇంకొక్క గుర్తు నా నోటికి రాలేదు. రేవతి వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"వెనక కుడికాలి గిట్ట," అంది సిద్దమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం.

"రెండు గిట్టల్లో ఒకటి నలుపు, ఒకటి తెలుపు సార్. ఒలిచిన తెల్లగడ్డ మాదిరి తెలుపు. బండి మీద ఇద్దరి నడుమ పెట్టుకున్నారు, నీలం పట్ట కప్పినారు, కాళ్లు ఈ పక్కకు ఏలాడతాండాయి. నేను సాప లాగేకి వంగినా. నా ముఖం ముందరే పోయింది ఆ కాలు."

మాస్టరు లేచి షెడ్డులోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, కూర్చోకుండా సిద్దమ్మనే అడిగాడు.

"అంత దగ్గరగా చూశారు. పక్కింటి దూడను ఎత్తుకుపోతుంటే ఎందుకు ఊరుకున్నారమ్మా?"

నేను నేలను చూస్తున్నాను. ఆమె ఏం చెప్పినా చెప్పవచ్చు. నన్ను అక్కడ కూర్చోబెట్టి తాళం సంగతి, సంచుల సంగతి, మదనపల్లె సంగతి మొత్తం చెప్పవచ్చు.

"మా ఊర్లో ఆవు ఈనితే ఆ ఇంటోళ్లు సెప్తారు సార్," అంది సిద్దమ్మ. "సెప్పలేదంటే మనం అడగకూడని సంగతని అర్థం. అడగలేదు."

అంతే చెప్పింది. మాస్టరు ఇంకేమీ అడగలేదు. దూడను బయటికి పట్టుకొచ్చి మా ముందు నిలబెట్టాడు. ఎండలో దాన్ని చూడడం నాకు అదే మొదటిసారి. గిట్ట ఆమె చెప్పినట్టే ఉంది.

స్టేషనులో కాగితం రాశారు. నేను కూడబలుక్కుని సంతకం పెట్టాను. సిద్దమ్మ వేలిముద్ర వేసింది. దూడను మాకు ఇప్పించింది ఆ వేలిముద్రే, నా సంతకం కాదు. మాస్టరు పాలసీసా కూడా మా చేతికిచ్చి, ఎన్ని పూటలు పట్టాలో చెప్పి పంపాడు. ఆయన డబ్బు ఆయనకు తిరిగి వచ్చిందో లేదో తెలియదు. దూడను ఎత్తుకుపోయిన ఆ ఇద్దరూ దొరికారని నేను ఇంతవరకూ వినలేదు.

ఆటో మాట్లాడుకుని, దూడను ఒళ్లో పెట్టుకుని ఊరు చేరాం. బుడ్డమ్మ మొదట దాన్ని తన్నింది. కొత్త వాసన. సిద్దమ్మ గోడ దాటి వచ్చింది, నేను అడ్డం పోలేదు. ఉప్పు నీళ్లతో దూడ ఒళ్లంతా తుడిచి, బుడ్డమ్మ పాలు పిండి దాని వీపు మీద రాసింది. రెండో రోజు సాయంత్రానికి బుడ్డమ్మ దాన్ని నాకింది, మూడో రోజు తాగనిచ్చింది.

పిలవకుండానే ఊళ్లోవాళ్లు చూడడానికి వచ్చారు. చేతుల్లో గిన్నెల్లేవు. నా దగ్గర ఇవ్వడానికీ ఏమీ లేదు. వెంకటప్ప రాలేదు. లిస్టులో అతని పేరు ఎదురుగా బీడీ అని రాసిన సంగతి ఎలా తెలిసిందో గానీ, ఈరోజుకీ నాతో మాట్లాడడు. రేవతి మామూలుగానే ఉంటుంది, వండుతుంది, మండీకి పోతుంది. ఒక్కటే. గురుమూర్తి ఫోన్ చేస్తే ఇదివరకు గదిలోకి పోయి మాట్లాడుకునేది. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని, స్పీకరు పెట్టి మాట్లాడుతుంది. లోపలికి పొమ్మని చాలాసార్లు చెప్పాను. పోదు.

ఈ సంవత్సరం దూడ బాగా ఎదిగింది. సంక్రాంతి దాటాక ఒక పొద్దున సిద్దమ్మ గోడకు ఆనుకుని దాన్నే చూస్తుంటే నేను అనుకున్నది చెప్పాను.

"దీని తొలి ఈత దూడ నీకు సిద్దమ్మా. కోడె అయినా, పెయ్య అయినా."

"నాకెందుకక్కా. దాన్ని యాడ కట్టేసుకునేది నేను."

"ఇచ్చేది ఇస్తాను."

"ఇయ్యొద్దులే," అంది. "ఈనినప్పుడు సెప్పు. సాలు."

నాగరత్నమ్మ, అరవై మూడేళ్లు. ఉండేది చింతమాకులపల్లెలోనే. ఇల్లు తెలియకపోతే సిద్దమ్మ ఇల్లు ఎక్కడని అడగండి, దాని పక్కది.